నిర్బంధ సైనిక సేవ అడిగేవారికి ఒక మాట

అయ్యా,

డిగ్రీ అయిన ప్రతి కుర్రాడూ రెండేళ్లు మిలిట్రీలో చేయాలని చట్టం తెస్తే దేశం బాగుపడుతుందని ఈమధ్య టీ అంగళ్ల దగ్గర కూడా అంటున్నారు. మా నాయన సంగతి వాళ్లకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మాది పలమనేరు దగ్గర పల్లె. చేను ఎండిపోతే నాయన 1943లో లారీ డ్రైవర్‌గా మిలిట్రీలో చేరాడు. తనంతట తానే చేరాడు, నిజమే. 1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయిందని తెలియగానే ఇంటికి పంపేస్తారని ట్రంకు పెట్టె సర్దుకున్నాడు. కానీ 1946లో ఆ జపాన్‌కే ఓడెక్కించారు. వస్తావా అని అడిగినవాళ్లు లేరు. హిరోషిమా పక్కనున్న కురే రేవులో దింపారు. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైన్యాలతో పాటు మన దళాలూ ఆ ప్రాంతానికి కాపలా. తర్వాత మన సైన్యాధిపతి అయిన తిమ్మయ్య గారు అప్పుడక్కడ బ్రిగేడియర్.

ఊరివాళ్లతో కలవకూడదని గట్టి ఆర్డరు. ఒకరోజు వానలో లారీ బురదలో దిగబడింది. దారినపోయే ముసలాయన ఒకడు తన ఇంటి తలుపు చెక్క ఊడదీసుకొచ్చి చక్రం కింద వేశాడు. బండి బయటపడ్డాక నడుం వంచి దండం పెట్టాడు. పక్కన సార్జెంటు ఉన్నాడని నాయన తల తిప్పుకున్నాడు. "తలుపు విరిగిందిరా, తిరిగి చెయ్యెత్తలేకపోతిని" అని ఎనభై ఏళ్లు దాటాక కూడా అనేవాడు. యుద్ధంలో చూసినవాటి గురించి అంతగా చెప్పలేదు.

బ్రిటన్ తన పిల్లలనూ వదల్లేదు. 1949 నుంచి 1960 దాకా చట్టం పెట్టి పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాళ్లను పిలిచింది. మొదట ఏడాదిన్నర అన్నారు, తర్వాత రెండేళ్లు చేశారు. ఎప్పుడో 1945లో యుద్ధం ముగిసిన జర్మనీకి వాళ్లలో ఎందరినో పంపారు.

అందుకే అడుగుతున్నాను. చట్టం కావాలనేవాళ్లు, పిల్లవాణ్ణి ఎక్కడికి పంపుతారో, ఎవరి ఊళ్లో నిలబెడతారో, ఏ రోజు ఇంటికి పంపుతారో కూడా అందులో రాయించగలరా? ఇష్టపడి వెళ్లినవాడికే ఆ జవాబు దొరకలేదు. నాయన 1947లో చిత్తూరు స్టేషన్లో దిగేసరికి మా అవ్వ పోయి మూడు నెలలైంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చిత్తూరు.