సీసం జారింది, 26 డబ్బాలు విప్పుతున్నాను

మా దగ్గర ఎక్స్‌రే యంత్రాలకు కొలిమేటర్లు, అంటే కిరణాలు కావలసిన చోటే పడేలా అంచులు కట్టే డబ్బాలు, తీసుకున్న డాక్టర్లకు, టెక్నీషియన్లకు నమస్కారం.

గత సంక్రాంతి తరువాత, వినాయక చవితి లోపు నల్లగొండలోని మా వర్క్‌షాపు నుంచి వెళ్ళిన 26 డబ్బాల్లో లోపం ఉంది. నేనే మీ దగ్గరికి వచ్చి, నా ఖర్చుతో అన్నింటిలో కిరణాలను అడ్డుకునే సీసపు పలకలూ మారుస్తాను. ఈ సంగతి మీకు మరొకరి నోట తెలియకూడదని రాస్తున్నాను.

దేవరకొండ వైపు నుంచి ఒక టెక్నీషియన్ ఫోన్ చేసి, "అన్నా, నడుము ఫిల్ములో కింది అంచు బయట బూడిదరంగు పట్టీ వస్తోంది, పై అంచేమో కొరికినట్టు తెగిపోతోంది" అన్నాడు. కేవీ (ట్యూబు వోల్టేజి) ఎక్కువ పెట్టి ఉంటావు, గ్రిడ్ (చెదిరిన కిరణాలను వడగట్టే, ఫిల్ము ముందుండే జల్లెడ) సరిచూసుకో అన్నాను. పదిహేడేళ్ళుగా చేస్తున్న పనిలో తప్పు నాది కాదన్న ధీమా అది. ఆ తమ్ముడికి ఇక్కడే క్షమాపణ చెప్పుకుంటున్నాను. మూడో రోజు మళ్ళీ ఫోన్ చేశాడు. అప్పుడు వెళ్ళాను.

ఫిల్ము ఉన్న క్యాసెట్‌ను ట్యూబుకు మీటరు దూరంలో ఉంచి, కిరణాలు ఎక్కడ పడతాయో ముందే చూపే డబ్బాలోని లైటు వేసి, వెలుగు పడిన చోటు నాలుగు అంచుల దగ్గరా రెండేసి రూపాయి బిళ్ళలు పెట్టాం. అంచుకు లోపల ఒకటి, బయట ఒకటి, రెండూ గీత మీద తాకేలా. తొమ్మిదో బిళ్ళ ఏ వైపు ఏదో గుర్తుకు. ఫిల్ము కడిగి దీపానికి ఎత్తి పట్టుకుంటే, కుడి ఎడమలు సరిగ్గా ఉన్నాయి. కింది వైపు బయట పెట్టిన బిళ్ళ అసలు కనిపించకూడదు. ముప్పావు వంతు కనిపించింది.

అక్కడే డబ్బా విప్పాను. మా పలకకు ఒక మిల్లీమీటరు ఉక్కు రేకు ఆధారం, దాని మీద మూడు మిల్లీమీటర్ల సీసం, రెండు మరలు. వెలుగును ఆపడానికి ఉక్కు అంచు చాలు. ఎక్స్ కిరణాలను ఆపవలసింది సీసం. ఆ సీసం ఉక్కు అంచు నుంచి మూడు మిల్లీమీటర్లు వెనక్కి జారి ఉంది. గుండ్రంగా తొలిచిన మర రంధ్రం వడ్లగింజలా సాగిపోయింది. ఛాతీ ఎక్స్‌రేకు ట్యూబును గోడవైపు తిప్పిన ప్రతిసారీ పలక నిలువుగా నిలబడుతుంది, సీసం బరువంతా ఆ రెండు మరల మీదే పడుతుంది. పై పలక సీసం వెలుగులోకి దిగింది, కింది పలకది వెలుగు నుంచి తప్పుకుంది. లైటు మాత్రం అంతా బాగానే ఉన్నట్టు చూపిస్తూ వచ్చింది.

కారణం సీసమే. నేను అడిగింది ఆంటిమొనీ కలిపిన గట్టి సీసం. శుద్ధమైన సీసం మెత్తన, మామూలు వేడిలోనే తన బరువుకు తానే మెల్లగా సాగుతుంది, మర ఎంత బిగించినా దాని కింద నుంచి తప్పుకుంటుంది. ఆంటిమొనీ కలిపేది అందుకే. తొమ్మిదేళ్ళుగా ఒకే వ్యాపారి దగ్గర కొంటున్నాను. ఒక్క బిల్లు ఆలస్యం చేయలేదు, ఒక్కసారి బేరం ఆడలేదు. ఈసారి రేకులతో పాటు ఎప్పటిలాగే గట్టి సీసం అన్న కాగితం వచ్చింది. కాగితం చూసి రేకును చూడలేదు. దేవరకొండలో విప్పిన ఆ పలక మీద గోరుతో గీస్తే తడి మట్టి మీద గీసినట్టు లోతుగా గాటు పడింది. ఇంత చిన్న పరీక్షను నేను తొమ్మిది నెలలు చేయకుండా ఉన్నాను. ఫోన్ చేసి అడిగితే ఆ వ్యాపారి అన్న మాట, "సీసం సీసమే కదా సార్, కిరణాలను ఆపుతుందిగా." ఆ మాట ఇంకా మనసులో ముల్లులా ఉంది. మిగిలిన రేకులు తిరిగి పంపితే డబ్బు ఇస్తానన్నాడు. పంపలేదు. పంపితే అవే రేకులు ఇంకొకరి డబ్బాలోకి చేరతాయి. వర్క్‌షాపు మూలన పేర్చి ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడవచ్చు.

ఇక నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వని సంగతి. పలక ఎక్స్‌రే పుట్టే బిందువుకు సుమారు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, ఫిల్ము 100 సెంటీమీటర్ల దూరంలో. అంటే పలక దగ్గరి మూడు మిల్లీమీటర్లు ఫిల్ము మీద పదిహేను. అణుశక్తి నియంత్రణ మండలి నాణ్యత పరీక్షలో వెలుగు అంచుకూ కిరణాల అంచుకూ మధ్య తేడా, ఆ బిందువు నుంచి ఫిల్ముకు ఉన్న దూరంలో 2 శాతం దాకా, అంటే మీటరుకు 20 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు. మా డబ్బా ఆ పరీక్షలో గట్టెక్కుతుంది. ఏడాది సర్వీసుకు వెళ్ళినప్పుడు చప్పుడు లేకుండా పలకలు మార్చేద్దామని వర్క్‌షాపులోనే సలహా వచ్చింది. లెక్క ప్రకారం అది తప్పు కాదు. 26 డబ్బాల ఖర్చు నా నాలుగు నెలల సంపాదన.

కానీ పదిహేను దగ్గరే ఆగుతుందని ఎవరు చెప్పగలరు? సాగడం మొదలైన సీసం సాగుతూనే ఉంటుంది. పైగా నేను మునుగోడు వైపు పుట్టినవాణ్ణి. మా అమ్మ మోచెయ్యి పూర్తిగా చాచలేకపోయేది, ఆ ఊరి బావినీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల. ఆ జబ్బు వెన్నెముకలో, కటి ఎముకల్లో తొలి దశలో ఉన్నప్పుడు ఫిల్ములో కనిపించేది ఎముక లోపలి సన్నని అల్లిక కాస్త మొరటుబారడం, కాస్త తెల్లబడడం, అంతే. నడుము లాంటి మందమైన చోట కిరణాలు ఒంటిలో తగిలి అన్ని వైపులా చెదురుతాయి. ఎంత విశాలంగా పడితే అంత ఎక్కువ చెదురుతాయి, ఫిల్మంతా మంచు పట్టినట్టు అవుతుంది, ఆ సన్నని తేడా అందులో కలిసిపోతుంది. గ్రిడ్ ఉందిగా అనవచ్చు. గ్రిడ్ చెదిరిన కిరణాలను వడగడుతుంది, అవి పుట్టకుండా ఆపలేదు. చూడనక్కరలేని చోట కిరణం పడకుండా చూసేది కొలిమేటర్ ఒక్కటే. డాక్టరుకు అక్కరలేని ఆ పట్టీ కిరణాలు రోగి ఒంటి మీద పడినవే కదా. అందుకే మారుస్తున్నాను.

కొత్త పలకలో సీసాన్ని రెండు ఉక్కు రేకుల మధ్య పెట్టి, వెనుక అంచును మడిచి, మరలకు బదులు రివెట్లు కొడుతున్నాం. సీసం సాగాలన్నా వెళ్ళడానికి దారి ఉండదు. బరువు కొంచెం పెరుగుతుంది, తిప్పే గుండీ మునుపటి కంటే కాస్త గట్టిగా ఉంటుంది. రేకు ఎక్కడి నుంచి వచ్చినా గోరుతో గీసి, నాలుగు మూలలా మందం కొలిచి, నేను సంతకం చేసిన తరువాతే కోతకు వెళుతుంది.

నేను వచ్చేలోగా మీరు మరలు బిగించవద్దు, సాగిన రంధ్రంలో అవి నిలవవు. డబ్బా విప్పి సీసాన్ని చేతులతో ముట్టుకోవద్దు. వారానికోసారి తొమ్మిది బిళ్ళల పరీక్ష చేయండి, బయటి బిళ్ళ కనిపిస్తే ఆ రోజే ఫోన్ చేయండి. మార్చిన తరువాత గుర్తింపు ఉన్న సంస్థతో నాణ్యత పరీక్ష చేయించే ఖర్చు కూడా నాదే.

సోమవారం దేవరకొండతో మొదలుపెడుతున్నాను. తరువాత అచ్చంపేట, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, చివర మిర్యాలగూడ, హుజూర్‌నగర్. క్యాంపులకు జీపులో తిరిగే యంత్రాలు ఎవరి దగ్గర ఉన్నా ముందే చెప్పండి, గతుకులకు అవి ఇంకా త్వరగా జారుతాయి. వాటి దగ్గరికి వరుసతో పని లేకుండా వస్తాను.