యర్ట్ నిలబడ్డది, పొయ్యి రాజుకున్నది, అందరికీ దండాలు

పోయిన శనివారం సాయంత్రం నాలుగింటికి మా యర్ట్ నిలబడ్డది. ఆదివారం పొయ్యి రాజేసినం, సోమవారం పొద్దున లేసి చూస్తే ఇక్కడ అమెరికాల, మిన్నెసోటా రాష్ట్రం డులూత్‌ల ఈ ఏడు మొదటి మంచు, కప్పు మీద రెండు అంగుళాలు. ఇంకో రెండు రోజులు లేటయితే పని మొత్తం వచ్చే మే నెలకు పోయేది. ఒక్కొక్కరికి ఫోన్ చేసి చెప్పిన గానీ నాకు తృప్తి లేదు, ఎవరు ఏం చేసిన్రో అందరికీ తెల్వాలని ఇక్కడ రాస్తున్న.

యర్ట్ అంటే తెల్వనోళ్ళకు: మంగోలియా, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ దిక్కు పశువుల మీద బతికెటోళ్ళ గుండ్రటి ఇల్లు. చుట్టూ కర్రల జాలీ గోడ, పైన గొడుగు పుల్లల లెక్క వాసాలు, నడిమిట్ల గుండ్రటి చక్రం, దాని మీదికెళ్లి ఫెల్ట్, అంటే గొర్రె ఉన్నిని ఒత్తి చేసిన మందపాటి దుప్పటి లెక్కది, కప్పుతరు. మంగోలియా దాంట్ల చక్రం కింద రెండు నిట్టాళ్ళు, అంటే నడిమి స్తంభాలు, ఉంటయ్, కిర్గిజ్ దాంట్ల ఒక్కటి కూడ ఉండదు, అడుగున వంగి ఉన్న వాసాలే చక్రాన్ని మోస్తయ్. ఆ చక్రాన్ని వాళ్ళు తుందుక్ అంటరు, వాళ్ళ దేశం జెండాల సూర్యుని నడుమ కనిపించేది అదే. నేను కట్టుకున్నది ఆ పద్ధతే, 16 అడుగుల వెడల్పు, 48 వాసాలు. నిట్టాడు లేకుండ గుడిసె ఎట్ల నిలబడ్తదిరా అని మా అమ్మ జూన్ల దిగిన రోజు నుంచి అడుగుతనే ఉన్నది.

ముందుగాల గుంతలు తవ్విన తమ్ముళ్ళకు. ఇక్కడ చలికాలం నేల లోపలిదాక గడ్డకట్టి ఉబ్బుతది, పునాది పైపైన వేస్తే దిమ్మెల్నే ఎత్తి అవతల పడేస్తది, అందుకే ఉత్తర మిన్నెసోటాల 60 అంగుళాల లోతు పోవాలని రూల్. తొమ్మిది గుంతలు. కిరాయికి తెచ్చిన మిషిన్ మూడో గుంతలనే బండకు తగిలి ఆగింది, మిగిలినయ్ మా ఆఫీసు తమ్ముళ్ళు ఇద్దరు, ఒకరిది నల్గొండ ఒకరిది ఒంగోలు, రెండు వీకెండ్లు గడ్డపార పట్టుకోని తవ్విన్రు. నేను పైసల మాట ఎత్తితే కోపానికి వచ్చిన్రు.

కర్ర సంగతి మా పక్కింటి పెద్దాయనది. 74 ఏండ్లు, జీవితమంత వడ్రంగం చేసిన మనిషి. ఇక్కడ యాష్ చెట్లను ఒక ఆకుపచ్చ పురుగు తినేస్తున్నది, అది తగిలిన చెట్లను కొట్టేస్తున్నరు, అట్ల కొట్టిన మొద్దులు ఆయన తెలిసినోళ్ళ దగ్గర అడిగి నాకు ఇప్పిచ్చిండు. యాష్ కర్ర ఆవిరికి మంచిగ వంగుతది. ప్లైవుడ్ డబ్బా చేసి అండ్ల ఆవిరి పట్టాలె, అంగుళం మందానికి గంట లెక్క, బయటికి తీసినంక అర నిమిషంల అచ్చుకు వంచి కట్టెయ్యాలె, ఆలస్యమైతే పుటుక్కుమంటది. మొదటి చక్రం నా చేతులనే ఇరిగింది. నెల రోజుల పని. ఆయన ఒక్క మాట అనలేదు, తెల్లారి సన్నటి పట్టీలు కోసుకొచ్చి ఒకదాని మీద ఒకటి వంచి జిగురు పెట్టి బిగిచ్చి చూపిచ్చిండు, ఇప్పుడు పైన ఉన్నది ఆ చక్రమే. గురువుగారూ, మీకు ఏమిచ్చి రుణం తీర్చుకోవాల్నో నాకు తెల్వదు.

ఉన్ని గురించి కొంచెం పెద్దగ రాస్త, ఏమనుకోకండ్రి. మేం కురుమోళ్ళం, మాది సిద్దిపేట దిక్కు, మా తాత నల్ల గొంగడి కప్పుకోని వానల కూడ మంద దగ్గరే పండుకునేటోడు. అమ్మ చిన్నప్పుడు ఉన్ని ఏకింది, నూలు వడికింది, గొంగడికి చింతగింజల గంజి పట్టిచ్చుడు కూడ ఆమెకు ఎరుకే. ఇక్కడికి గంట దూరంల గొర్ల ఫామ్ ఉన్నాయన, ఉన్నికి రేటు లేక షెడ్‌ల మూటలు కట్టి పెట్టుకున్నడు, 32 గొర్ల ఉన్ని ఊకెనే ఇచ్చి తనే ట్రక్కుల ఏసుకొచ్చి దించిపోయిండు. అమ్మ ఆ మూట ఇప్పి వాసన చూసి చాన సేపు ఏం మాట్లాడలే.

గొంగడి నేస్తరు, ఫెల్ట్ నెయ్యరు. ఉన్ని పోగుకు కంటికి కనపడని పొలుసులు ఉంటయ్, వేడినీళ్ళు సబ్బు పోసి ఒత్తుతుంటే అవి ఒకదాంట్ల ఒకటి చిక్కుకోని గట్టిపడ్తయ్. ఏకిన ఉన్నిని అడ్డం ఒక పొర నిలువు ఒక పొర పరిచి, తడిపి, టార్పాలిన్‌ల పైపుకు చుట్టి కాళ్ళతోని తొక్కుకుంట దొర్లియ్యాలె. జులై ఆగస్టు రెండు నెలలు ప్రతి ఆదివారం మిన్నియాపోలిస్ నుంచి రెండున్నర గంటలు డ్రైవ్ చేసి మూడు ఫ్యామిలీలు వచ్చిన్రు, పిల్లలు తొక్కిన్రు, అమ్మ పొర ఎక్కడ పల్చగైందో చేత్తోని తడిమి చెప్పింది. కప్పుకు అదే ఏసినం, గోడలకు మాత్రం కొన్న ఫెల్ట్. చలికి ఉన్నే ఎందుకంటే, లోపలి ఆవిరి ఉన్నిలకెళ్లి మెల్లగ బయటికి పోతది, ప్లాస్టిక్ అయితే అది గోడకే మంచు పేరుకుంటది.

పైన కాన్వాస్ కుట్టింది మిన్నియాపోలిస్ దగ్గర ఈగన్‌ల ఉండే మా అక్క, సొంత అక్క కాదు గానీ అంతకన్న ఎక్కువ. ఇంటి మిషిన్ ఆ మందానికి సూదులు ఇరగ్గొట్టింది, పడవల కవర్లు కుట్టే ఒకామె తన మిషిన్ మూడు వారాలు అరువిచ్చింది, ఇద్దరికీ దండం. పొయ్యి గొట్టం కాన్వాస్‌కు తగలకుండ గోడలకెళ్లి బయటికి తీసి, పొగ విషానికి అలారం పెట్టి, రెండుసార్లు చెక్ చేసిన రిటైర్డ్ ఫైర్‌ఫైటర్‌కు కూడ.

ఇగ శనివారం. పదకొండు మందిమి. జాలీ గోడ నిలబెట్టి, దాని అంచుకు స్టీల్ తీగ చుట్టూ బిగిచ్చినం, కప్పు బరువు గోడను బయటికి తోస్తది కాబట్టి బండి గిల్లకు ఇనుప పట్టా ఎక్కిచ్చినట్టు అది ఉండాల్సిందే. ఇద్దరు నిచ్చెనల మీద చక్రం ఎత్తి పట్టుకున్నరు, ముగ్గురం మూడు దిక్కుల నుంచి వాసాలు ఒక్కపారి గుచ్చినం, చేతులు వణుకుతున్నయ్, తర్వాత ఎదురెదురుగ ఒక్కొక్కటి. పన్నెండో వాసం పడంగనే పెద్దాయన చక్రం వదిలేయమన్నడు. వదిలేసినం. కదలలే. అమ్మ లోపలికి వచ్చి నడుమ నిలబడి, నిట్టాడు ఉండాల్సిన జాగల కాలు పెట్టి పైకి చూసింది.

నవంబర్‌ల ఆమె ఫ్లైట్. పోయేలోపు ఒక రాత్రి అండ్ల పండుకోవాలని పట్టుబట్టింది, నిన్న పండుకున్నది, బయట మైనస్ ఆరు. పొద్దున నేను చాయ్ తీస్కపోయేసరికి పొయ్యి ఆరిపోయి ఉన్నది, ఆమెకు మెలకువ రాలే. లేసినంక మొదటి మాట, గొర్లాయనకు ఫోన్ కలుపు అన్నది. ఆయనకు తెలుగు రాదమ్మా అన్న. నువ్వు కలుపు అన్నది. స్పీకర్ల పెట్టిన, "బిడ్డా, నీ మంద సల్లగుండాలె" అన్నది. ఆయన ఏమన్నదని నన్ను అడిగిండు, నేను చెప్పిన.