పండ్ల దుకాణం ముచ్చట

హనుమకొండ
రాత్రి పదకొండున్నర

అరేయ్ తెనాలీ,

ముందుగా నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో. దసరాకు నువ్వు పెట్టిన మెసేజ్‌కు సంక్రాంతి ముందర జవాబు రాస్తున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే మధ్యలో నవ్వుతావు. ఈ ముచ్చట ఎవరూ అడ్డం పడకుండా మొదటి నుంచి చివరిదాకా చెప్పాలి నేను. పైగా పొద్దున నాలుగున్నర బస్సుకు పోవాలి, ఇప్పుడు పడుకుంటే లేవను.

మిగతా సంగతులు గబగబా: పిల్లలు బాగున్నారు. పెద్దదానికి లెక్కల్లో నా తెలివి రాలేదు, నీది వచ్చింది. స్కూల్లో ఈ ఏడు కూడా జీతం పెంచలేదు. బండి అమ్మేశాను. నీ గొడుగు నా దగ్గరే ఉంది, అడగకు. అయిపోయింది.

ఇక అసలు సంగతి. నాకు పన్ను నొప్పి వచ్చింది.

నవ్వుతున్నావని తెలుసు. హాస్టల్లో మొదటి వారం నేను పండ్లు నొస్తున్నాయంటే, ‘ఏ పండ్లురా, అరటివా, జామవా’ అన్న మహానుభావుడివి నువ్వు. అప్పటి నుంచి మన ఇద్దరికీ పండ్ల డాక్టరంటే పండ్ల దుకాణమే. సరే, ఈసారి దుకాణం మొత్తం తిరిగొచ్చాను, విను.

జూన్‌లో బడులు తెరిచిన వారమే మొదలైంది. కుడివైపు కింది దవడ పన్ను. పొద్దంతా ఊరుకుంటుంది, రాత్రి దిండు మీద తల పెట్టగానే చెవిలోకి, కణతలోకి సుత్తి దెబ్బలు. లవంగం పెట్టాను. లవంగ నూనెలో దూది ముంచి పెట్టాను. మెడికల్ షాపు అన్న ఇచ్చిన గోలీలు వేసుకున్నాను. నాలుగు గంటలు సుఖం, మళ్ళీ సుత్తి. (లవంగంలో యూజినాల్ అనేది ఉంటుంది, అది కాసేపు తిమ్మిరెక్కిస్తుందంతే, లోపల నరం కుళ్ళుతుంటే పైనుంచి లవంగం ఏం చేస్తుంది సార్ అని తర్వాత ఒక పిల్ల నాకు పాఠం చెప్పింది. లెక్కల సారుకు పాఠం!)

ప్రైవేటు క్లినిక్‌కు పోతే ఎక్స్‌రే తీసి, ‘మూడు కాలువలున్నాయి సార్, మూడూ శుభ్రం చేసి నింపాలి’ అన్నారు. రూట్ కెనాల్ నాలుగున్నర వేలు, మీద క్యాప్ ఐదు వేలు. ఆరోగ్యశ్రీ కార్డు తీసి చూపించబోతే రిసెప్షన్ అమ్మాయి పాపం మర్యాదగానే నవ్వింది. తొమ్మిదిన్నర వేలురా. బడులు తెరిచే నెల. ఇద్దరు పిల్లల ఫీజులు. నా జీతం నీకు తెలుసు.

సర్కారు దవాఖానకు పోయాను. ఏ దవాఖాన అనేది ఎందుకులే. పంటి కుర్చీ ఉంది, దాని మీద ప్లాస్టిక్ కవరుంది, కవరు మీద ఎవరిదో టిఫిన్ డబ్బా ఉంది. డాక్టరమ్మ డిప్యుటేషన్ మీద వేరే చోటికి పోయింది, బుధవారం రమ్మన్నారు. బుధవారం పోతే ఆమె లీవు. ఆ పై బుధవారం ఆమె ఉంది, కానీ పన్ను తొలిచే డ్రిల్లును నడిపే గాలి మిషన్ చెడిపోయింది. ‘పీకడం ఒక్కటే చేయగలను. కానీ ఇది నిలిచే పన్ను, పీకితే మళ్ళీ రాదు’ అంది. ఆమెను తిట్టడానికి నాకు నోరు రాలేదు (వాపుకు అసలే తెరుచుకోవడం లేదనుకో). ఒక్క మనిషి, రెండు దవాఖానలు, చెడిపోయిన మిషన్. ఆమే చిట్టీ వెనకాల రాసిచ్చింది, పట్నం, అదే హైదరాబాద్ పోయి అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖాన పక్కనున్న సర్కారు డెంటల్ కాలేజీలో చూపించుకోమని. చదువుకునే పిల్లలు చేస్తారు, వెనకాల పెద్ద డాక్టర్లు ఉంటారు, డబ్బులు తక్కువ, టైం ఎక్కువ అంది. ఆ నాలుగు మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు.

ఇక్కడ మా అమ్మ రంగప్రవేశం. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి మా అమ్మ పరకాల పక్కన ఆ ఊళ్ళో నిలవడం లేదు. వేములవాడ, కొమురవెల్లి, యాదగిరిగుట్ట, భద్రకాళి, అన్నీ అయిపోయాయి. నేను పట్నం పోతున్నానంటే, ‘ఒక్కనివి ఎట్ల పోతవ్ బిడ్డా, నేనొస్త, నాకు టికెట్ లేదు గద’ అంది. నలభై రెండేళ్ళ లెక్కల సారు, తల్లి చెయ్యి పట్టుకుని పన్ను చూపించుకోవడానికి పోతున్నాడు. కండక్టర్ ముందర అమ్మ ఆధార్ కార్డు తీసి జీరో టికెట్ తీసుకునే తీరు చూడాలి నువ్వు. రాజముద్ర చూపించినట్టు. నాకు మాత్రం పూర్తి టికెట్. జనగామ దాకా నిద్ర, గుట్టకు పోయే దారి రాగానే లేచి దండం, భువనగిరి గుండు కనపడగానే ‘అబ్బ, గింత పెద్దదా’ అని ప్రతిసారీ ఆశ్చర్యం. ఉప్పల్‌లో దిగి సిటీ బస్సు. అదీ ఆమెకు జీరో.

ఓపీ చిట్టీకి అయింది నువ్వూ నేనూ తాగే చాయ్ పైసలంత. మొదట ఓరల్ మెడిసిన్ అనే గదిలో అందరినీ చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు, ఏ పన్నుకు ఏ గది అని రాసి పంపుతారు. నాకు దొరికింది ఒక పెద్దపల్లి పిల్ల. ఫైనలియర్. సూది పొడిచేటప్పుడు నాకంటే ఆమెకే టెన్షన్ ఎక్కువున్నట్టుంది. కానీ చెయ్యి స్థిరం. పంటి చుట్టూ రబ్బరు గుడ్డ కట్టింది, మిగతా నోరంతా మూసేసినట్టు. సన్న సూదుల్లాంటివి లోపలికి పంపి, పొడుగు కొలిచి, ఎక్స్‌రే తీసి, లేచి పోయి మేడమ్‌కు చూపించి, సంతకం పెట్టించుకుని వస్తుంది. మళ్ళీ ఇంకో మెట్టు, మళ్ళీ సంతకం. ప్రైవేటులో గంట పని ఇక్కడ మూడు ట్రిప్పులు. నాకైతే నచ్చింది. హోంవర్క్ దిద్దించుకుని గానీ తర్వాతి లెక్కకు పోని పిల్ల నా క్లాసులో ఒక్కతి లేదు.

నా పన్ను కథ ఇంతే. బాగైంది. వెనక పన్నే కదా అని స్టీలు రంగు క్యాప్ వేయించుకున్నాను. ఆవులిస్తే తళుక్కుమంటుంది.

కానీ నేను రాయాలని కూర్చున్నది నా పన్ను గురించి కాదు.

మొదటి రోజు మధ్యాహ్నం. నా దవడ మొద్దుబారి బయట బల్ల మీద కూర్చున్నాను. అమ్మ సద్ది విప్పింది. అన్నం, పప్పు. ఎప్పటిలాగే వేళ్ళతో మెత్తగా, బాగా మెత్తగా పిసికి ముద్ద నోట్లో పెట్టుకుని మింగుతోంది. నేను నలభై ఏళ్ళుగా చూస్తున్న చెయ్యే. అటు పోతున్న ఒక స్టూడెంట్ పిల్లాడు ఆగి, ‘అమ్మా, ఒక్కసారి నోరు తెరవండి’ అన్నాడు. కొంగు అడ్డం తీసి తెరిచింది.

వాడి ముఖం చూడాలిరా. లంకెబిందెలు దొరికినట్టు.

సంగతేమిటంటే, ఫైనలియర్ పిల్లలకు కోటా ఉంటుందట. ఇన్ని రూట్ కెనాల్‌లు, ఇన్ని పీకుళ్ళు, ఇన్ని పూర్తి కట్టుడు పండ్ల సెట్లు. అన్నిట్లో కష్టం ఆ చివరిదే. ఐదారు సార్లు ఓపికగా వచ్చే ముసలివాళ్ళు దొరకరు. మా అమ్మ నోట్లో ముందర ఏడు పండ్లు మాత్రం గేటు కాడ వాచ్‌మన్‌లాగా నిలబడి ఉన్నాయి, అవీ ఊగుతున్నాయి. లోపల ఒక విరిగిన మొన తప్ప ఇల్లంతా ఖాళీ. నవ్వినప్పుడు కొంగు అడ్డం పెట్టుకుంటే మేమంతా సిగ్గనుకున్నాం. ఆ పిల్లాడు మేడమ్ కోసం పరుగెత్తాడు. ఈలోపు పెద్దపల్లి పిల్ల వచ్చి, ‘ఈ అమ్మ నా పేషెంట్‌తో వచ్చింది, నాకే’ అంది. వాడు, ‘చూసింది నేను’ అన్నాడు. వరండాలో చిన్న పంచాయితీ. అమ్మ ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఏమందో తెలుసా? ‘నా కోసం కొట్లాడింది మీ నాయన ఒక్కడే అనుకున్న బిడ్డా.’

చివరికి పెద్దపల్లే గెలిచింది.

నవ్వు అక్కడ ఆగిపోయింది. లైటు వేసి చూస్తుండగా ఆ పిల్ల మాట తగ్గిపోయింది. మేడమ్‌ను పిలిచింది. ఇద్దరూ ఎడమ బుగ్గ లోపల చూస్తున్నారు. ‘తంబాకు అలవాటుందా అమ్మా?’ అని అడిగారు. ఉంది. ఎన్నేళ్ళు? అమ్మ వేళ్ళు లెక్కపెట్టి మానేసింది. లోపల పుండు ఉంది. విరిగిన పంటి మొన ఒకటి బుగ్గకు రాసుకుంటోంది, దానివల్లే కావచ్చు, ముందు ఆ మొన తీసేద్దాం, రెండు వారాల్లో మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాలి అన్నారు. ఆ రెండు వారాలు నేను ఎట్లా గడిపానో... వద్దులే. మానింది. మానింది అని మేడమ్ అన్నప్పుడు నేను బయటికి పోయి పక్కన ఉస్మానియా ఆవరణలో ఆ చింతచెట్టు కింద కూర్చున్నాను. 1908లో మూసీ వరద వచ్చినప్పుడు నూట యాభై మంది దాకా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చెట్టు. అమ్మ వెతుక్కుంటూ వచ్చి, సంగతి విని, చెట్టుకు పసుపు ఉందా అని అడిగింది. తంబాకు డబ్బా ఆ రోజు పారేసింది. పారేశానంది. నమ్ముతున్నాను.

ఆ తర్వాత షుగర్ చూస్తే ఎక్కువుంది. తగ్గేదాకా పీకేది లేదన్నారు. తగ్గాక రెండేసి, మూడేసి పీకారు. చిగుళ్ళు మానడానికి రెండు నెలలు. ఆ రెండు నెలలూ అంబలి, జావ. దసరా కూడా అందులోనే పోయింది, నీకు జవాబు రాయకపోవడానికి అదీ ఒక కారణం. తర్వాత అచ్చులు. గులాబీ రంగు పిండి కలిపి గిన్నెలో వేసి నోట్లో పెడతారు. కక్కొస్తే ముక్కుతో గాలి పీల్చు అమ్మా అంటే, ‘ముక్కుపుల్ల తియ్యాల్నా?’ అంది. పండ్ల రంగు ఎంచుకోమంటే, ‘ఒక్కటి బంగారుది పెట్టు బిడ్డా’ అంది. పెట్టరట. చాలాసేపు బేరమాడింది.

పోయిన వారం మైనం మీద పండ్లు గుచ్చి నోట్లో పెట్టి చూశారు. అద్దం ఇచ్చారు. అమ్మ చూసుకుంది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆ పిల్ల, ‘పండ్లు వచ్చాక ఏం తింటావమ్మా?’ అని అడిగింది.

‘సకినాలు.’

ఇప్పుడు నువ్వు కూర్చో. నాయన పోయినప్పటి నుంచి అమ్మ సకినాలు ముట్టదని, ఆయనకు ప్రాణం కాబట్టి ఆరేళ్ళుగా నోట పెట్టదని, కాజీపేట ప్లాట్‌ఫాం మీద నేను నీకు చెప్పలేదూ? నువ్వు ఏడవలేదూ? ఆ తర్వాత నేనూ ఏడిస్తే పల్లీలమ్మే ఆయన మనకు పైసలు తీసుకోకుండా పొట్లం ఇవ్వలేదూ?

‘అమ్మా, నాయన కోసం మానేశావు కదా’ అన్నాను.

‘మీ నాయనకేంది, తిన్నన్ని తినే పోయిండు. నాకు నమలనీకె పండ్లు లెవ్వు గద’ అంది.

ఆ పిల్ల నవ్వింది, మేడమ్ నవ్వింది, నేనూ నవ్వాను. బస్సులో జనగామ దాటాక నవ్వు పోయింది. ఆరు సంక్రాంతులురా. తనే చాట ముందర కూర్చుని సకినాలు చుట్టేది, నూనెలో వేసి తీసేది, మాకు డబ్బాలు కట్టిచ్చేది. మటన్ వద్దంటే కాళ్ళ నొప్పులనుకున్నాం. మక్క కంకి వద్దంటే అరగదనుకున్నాం. ప్రతిదానికీ నేనొక కారణం కల్పించి పెట్టుకున్నాను. సకినాలకైతే ఏకంగా ప్రేమకథే. ఒక్కనాడు నోరు తెరువు అని... నేను అడగలేదు, అంతే. ఎవడో దారిన పోయే పిల్లాడు అడిగాడు.

మనం ఏడ్చిన ఏడుపు వాపసు తీసుకోవాలి. లేకపోతే వేరే ఖాతాలో వేయాలి. పల్లీల పైసలు మాత్రం బాకీ.

చౌకా అని అడుగుతావు. చౌకే, కానీ నా లీవులన్నీ అయిపోయి రెండు రోజుల జీతం కోసేశారు. మా పక్కింటి ఆటో అన్నకూ పన్ను నొప్పే. ఈ దారి చెప్తే, ‘నాలుగు దినాలు ఆటో ఆగితే కిస్తీ ఎవడు కడ్తడు సారూ’ అన్నాడు. ఆయన దవడలో ఇంకా లవంగమే ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మన దగ్గరే ఆ కుర్చీ మీద టిఫిన్ డబ్బా తీసి, గాలి మిషన్ బాగు చేయిస్తే... ఇదంతా నీకెందుకు రాస్తున్నాను, మస్కట్‌లో కూర్చుని నువ్వేం బాగు చేస్తావు.

ఆ, ఇంకోటి చెప్పడం మరిచాను. ఆ పిల్లాడు కూడా...

అరే, మూడున్నర అయింది. వంటింట్లో లైటు పడింది. ఈ రోజు పండ్లు చేతికిస్తారు. కొన్నాళ్ళు మెత్తనివే తినాలి, చిన్న ముక్కలు రెండు వైపులా నమలాలి, రాత్రి తీసి నీళ్ళలో వేయాలి అని పిల్ల పదిసార్లు చెప్పింది. అమ్మ పదిసార్లూ తలూపింది. ఇప్పుడు సంచిలో డబ్బా సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది, గలగలమని. ఆ పిల్లకేనట. ‘అంత పెద్ద డబ్బానా’ అంటే పలకడం లేదు.

పిలుస్తోంది. ఆధార్ కార్డు ఎక్కడ పెట్టిందో దొరకడం లేదట. ఉంటానురా, మిగతాది