ఎర్రసంచి అవ్వకు

అందరికీ వందనాలు. రాత్రి పదకొండున్నర అయితున్నది, నిద్ర పడతలేదు. తాగుడు ఆపినంక ఇచ్చిన గోళీల డోసు ఈ వారమే తగ్గించిన్రు, అందుకే కావచ్చు. చేతులు ఇంకా కొద్దిగ వణుకుతున్నయి. అక్షరాలు తప్పువడితే ఏమనుకోకుండ్రి.

నేను మందు ముట్టక ఇయ్యాల్టికి 23 రోజులు.

నన్ను ఎరిగినోళ్లకు కొత్తగ చెప్పేది లేదు. ఎరగనోళ్లకు చెప్తున్న: హన్మకొండల ఫ్లెక్సీ డిజైన్లు చేస్త. మీ వాడల క్రిస్మస్‌కు కట్టిన ఫ్లెక్సీల మీద వాక్యాలు చానా వరకు నేనే టైపు చేసిన, సగం మత్తుల. ఒక యాడాది "రక్షకుడు"ల అక్షరం తప్పువడ్డది. ఏం పడ్డదో ఇక్కడ రాయలేను. సంఘపెద్ద రాత్రికి రాత్రి నిచ్చెనేసి విప్పించిండు. 19 ఏండ్లు తాగిన. చెయ్యద్దనుకున్నదే చేస్తున్న అని బైబిల్ల పౌలు రోమా పత్రిక ఏడో అధ్యాయంల రాసుకున్నది చదివినప్పుడల్లా, ఈయన కూడ మావోడే అనుకొని పుస్తకం మూసి బయటికి పోయేటోణ్ని.

పోయిన నెల మా సంఘంల మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టిన్రు. శుక్రవారం రాత్రి మోకాళ్ల మీద ఏడ్చి, ఇగ ముట్టనని దేవుని ముందట మాటిచ్చిన. ఇంటికొచ్చి బీరువ ఎనుక దాచిన రెండు క్వార్టర్లు బాత్రూంల పారవోసిన. పాణం మస్తు తేలికైంది. ఆదివారం పొద్దుగాల ఆరాధనకు అంగీ తొడుక్కుంటుంటే ఫిట్స్ వచ్చి గడప మీదనే పడ్డ.

ఇది మా మీటింగులల్ల ఎవరూ చెప్పరు, అందుకే చెప్తున్న. ఏండ్ల సంది రోజూ తాగే మనిషి ఒక్కసారిగ ఆపితే మొదటి రెండు రోజులల్ల ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకు, నాలుగో రోజుకు నడుమ మతి తప్పి లేనివి కనవడతయి, గుండె దడదడ కొట్టుకుంటది, పాణమే పోవచ్చు. ప్రార్థన చేసుకోండ్రి, వద్దనను. డాక్టరుకు చూపెట్టుకొని చేసుకోండ్రి. నాకు బి1 విటమిన్ ఇంజక్షన్లు, వణుకు, ఫిట్స్ ఆపేటందుకు క్లోర్‌డయాజిపాక్సైడ్ గోళీలు ఇచ్చిన్రు. ఆ గోళీలు అవిశ్వాసం అని ఒక అన్న ఫోన్ చేసి చెప్పిండు. సువార్త రాసిన లూకా కూడ వైద్యుడే కద అన్నా అన్న. ఫోన్ పెట్టేసిండు.

సోమవారం రాత్రి దవాఖాన్ల చీమలొచ్చినయి. గోడ మీదికెళ్లి దిగి, మంచం కోళ్లు ఎక్కి, దుప్పటి మీద బారులు బారులుగ వస్తున్నయి. "చీమల్లేవు, పండుకో" అని మా ఇంటామె ఏడుస్తున్నది. తమ్ముడు కాళ్లు పట్టిండు. వార్డుల అందరు లేచి చూస్తున్నరు, తాగుబోతోని తమాష.

పక్క మంచం కాడ ఒక అవ్వ ఉండె. వాళ్ల ముసలాయనకు దమ్ము, ఆయాసం రోగం. ఆమె లేచొచ్చి, "యాడున్నయి బిడ్డా?" అని అడిగింది.

మోకాలు చూపిచ్చిన.

"ఎర్రయా, నల్లయా?"

"ఎర్రయి."

"ఎర్రయి కుడతయి, ఆగు." కొంగు తీసి దులిపింది. "పోయినయ్. ఇంకా యాడ?"

మెడ మీద అన్న, దులిపింది. చెవుల అన్న, ఊదింది. తెల్లారేదాక ఇదే పని. నడుమల ముసలాయన దగ్గితే పోయి ఈపు రాసి మల్ల వచ్చేది. అట్ల చెయ్యద్దని, లేనివి ఉన్నయని ఒప్పుకుంటే రోగికి భయం పెరుగుతదని సిస్టరమ్మ చెప్పింది. కావచ్చు, ఆమె చదువుకున్నది. నాకైతే పెరగలే. ఆ రాత్రి నా మాట నమ్మిన మనిషి ఆమె ఒక్కతే.

పొద్దుగాల ముసలాయన నొసట కొమురెల్లి మల్లన్న బండారి, అంటే దేవుని పసుపు, పెట్టి, అదే చేత్తోని నాకూ పెట్టింది. మా ఇంటామె చూసింది. తుడవలే.

ఇగ అసలు సంగతి. 23 రోజుల సంది దీన్ని ఎట్ల రాయాల్నో తెలుస్తలేదు, రాయకపోతే ఈ పోస్టుకు అర్థం లేదు.

గురువారానికి తెలివికొచ్చిన. ఒంట్ల బలమొచ్చింది, దాంతోని ఆశ కూడ వచ్చింది. అవ్వకు బట్టల దుకాణపోళ్లిచ్చిన ఎర్ర సంచి ఒకటి ఉండె. అండ్ల ఆధార్ కార్డు, దవాఖాన చీటీలు, కాగితంల చుట్టిన సర్వపిండి, పాలిథిన్ కవర్ల పైసలు. ఆమె చాయ్ తేవడానికి పోయినప్పుడు ఆ కవర్లకెళ్లి రెండు వందలు తీసిన. గేటు దాటి పోయి, క్వార్టర్ కొని, స్కూటర్ల స్టాండు ఎనుక సగం తాగి వచ్చిన. వచ్చి మంచం మీదనే కక్కుకున్న. ఈ గోళీల మీద తాగితే ఊపిరి ఆగిపోతదిరా అని డాక్టరమ్మ మీద మీదికొచ్చి తిట్టింది. కక్కింది ఎత్తిపోసింది ఎవరో చెప్పక్కర్లేదు.

శుక్రవారం పొద్దుగాల అవ్వ పైసలు లెక్కవెట్టింది. మల్ల లెక్కవెట్టింది. నేను నిద్రవోయినట్టు చేసి రెప్పల సందులకెళ్లి చూస్తున్న. మూడోసారి లెక్కవెట్టి కవరు ముడేసి సంచిల పెట్టింది. అప్పుడు నా దిక్కు చూసింది. ఇప్పుడు మొత్తుకుంటది, అందరి ముందట మా ఇంటామె తల దించుకుంటది అనుకున్న.

"బిడ్డా, లెవ్వు. ముసలాయన్ను ఎక్స్‌రేకు తోల్కపోవాలె. జర సంచి చూడు" అని నా ఒళ్లె పెట్టి పోయింది. పైసలు అండ్లనే ఉన్నయి.

గంటన్నరసేపు ఆ సంచి పట్టుకొని కూసున్న. బాత్రూంకు కూడ లేవలే. ఏడ్చిన, అంతే. ఫిట్స్ వచ్చినప్పుడు కూడ అట్ల వణకలే. కృప అనే మాట ఈ చేతులతోని ఎన్ని ఫాంట్లల్ల టైపు చేసిన్నో లెక్కలేదు. పసుపు రంగేసి, నల్ల అంచుగొట్టి, ఎనుక సూర్యుని కిరణాలు పెట్టి.

ఆమె వచ్చినంక కాళ్లు పట్టుకొని చెప్పుదామనుకున్న. నోరు రాలే. శనివారం నన్ను స్కానింగుకు తోల్కపోయిన్రు, తిరిగొచ్చేసరికి వాళ్లను డిశ్చార్జి చేసి పంపిచ్చిన్రు. పేరు అడగలే. చేర్యాల దిక్కు అన్నట్టు యాది. ఆ శుక్రవారం నుంచే నా లెక్క. ప్రార్థనల ఏడ్చిన శుక్రవారం నుంచి కాదు.

మొన్న ఆదివారం సంఘంల అందరి ముందట సాక్ష్యం చెప్పుమన్నరు. ముందుగాల ఒకాయన పక్కకు పిలిచి, బండారి సంగతి తీసెయ్యి తమ్మీ, ప్రభువు ఒక్క రాత్రిల విడిపిచ్చిండని చెప్పు, జనం బలపడతరు అన్నడు. నేను మైకు పట్టుకోలే. ప్రభువే విడిపిచ్చిండు, అండ్ల నాకు అనుమానం లేదు. ఎవరి కొంగుతోని విడిపిచ్చిండో చెప్పద్దంటే ఎట్ల? దెబ్బలు తిని తొవ్వల పడ్డోణ్ని పరాయి జాతోడు కాపాడిన సమరయుని కథ చెప్పింది ఆయనే కద. ఆ సమరయుడు సత్రపోని చేతుల రెండు దేనారాలు పెట్టిండు. నేను నా సమరయురాలి సంచిలకెళ్లి రెండు వందలు తీసిన.

ఇంకో మాట, కోపం రాకుండ రాయలేను. 2023ల వైన్స్ లాటరీకి దరఖాస్తు ఫీజే 2 లక్షలు, దుకాణం రాకున్నా వాపసియ్యరు. రాష్ట్రంల 2620 దుకాణాలకు లక్ష మీద దరఖాస్తులు. 2025ల ఫీజు 3 లక్షలు చేసిన్రు. గన్ని పైసలొచ్చే కాడ, వార్డుల నా గోళీలు నిండుకున్నయని బయట కొనుక్కోమని చీటీ రాసిచ్చిన్రు. గేటు దాటితే మందుల షాపు కంటె ముందు వైన్స్ తగుల్తది. ఒక ప్రైవేటు సెంటరోళ్లను అడిగితే ముందే 60 వేలు కట్టుమన్నరు. మా వాడల కిరాణం ఎనుక బెల్టు షాపుల మాత్రం నాకు ఇప్పటికీ అప్పు పుడతది. ఎవరికన్న అవసరం పడితే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, పైసలు తీసుకోరు, తెలుగుల మాట్లాడతరు.

మా ఇంటామెకు, అమ్మకు, తమ్మునికి థాంక్స్. మన సంగతి ఇంట్ల మాట్లాడుకుందాం.

పాస్టరు గారికి వందనాలు, దవాఖానకు నాలుగుసార్లు వచ్చి ఒక్కసారి కూడ వాక్యం చెప్పనందుకు. ఊకె కూసొని నారింజ ఒలిచి పెట్టిన్రు. పాస్టరమ్మ గారికి ఇంకా ఎక్కువ. ఆరాధనల ప్రభు సంస్కారం ద్రాక్షారసం గిన్నె నా దాక వస్తుంటే గుండె ఆగింది. నా ఒక్కని కోసం కిస్మిస్ నానవెట్టి పిండిన రసం వేరే చిన్న గ్లాసుల తెచ్చి, ఎవరికీ తెల్వకుండ చేతికిచ్చిన్రు.

అవ్వా, మీరు ఫోన్ల గిది చదవరని నాకు తెలుసు. చేర్యాల, కొమురెల్లి దిక్కు ఎవరికన్న ఎర్ర సంచి, దమ్ము ముసలాయన ఉన్న అవ్వ తెలిస్తే, కవరు ముడి విప్పి మూడుసార్లు లెక్కవెట్టిన రోజు యాదికున్నదా అని అడుగుండ్రి. మీ రెండు వందలు తీసిపెట్టిన. అవే నోట్లు కావు, అవి ఆ రోజే ఖర్చయినయి.

అరె, మా షాపు ఓనరు అన్నను మర్చిపోయిన. నెల జీతం కోయలే. ఆదివారం కిరాయి తీసుకోకుండ దవాఖాన్ల దింపిన ఆటో అన్నకు, మా మంచం కింద రోజుకు రెండుసార్లు ఊడ్చిన అక్కకు కూడ.

అయ్యో, ల్యాబు తమ్ముడు. నరం దొరకక నాలుగుసార్లు పొడిచిండు, నాలుగుసార్లూ సారీ అన్నా అన్నడు. నీకు కూడ వందనాలు తమ్ముడూ.