కమీషన్ తీసుకుంటే ఆ ముక్క తెలుగులోనే రాయండి

సంపాదకులకు నమస్కారం.

2021లో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి మన కర్నూలు దగ్గరి ఓర్వకల్లు పేరు చెప్తే చాలు, ప్లాట్లు అమ్ముడుపోతున్నాయి. మా బావమరిదీ అటువైపే నాలుగు సెంట్లు కొందామని వెతుకుతుంటే నెట్‌లో ఒక బ్లాగు కంటపడింది. రాసినాయన మన కర్నూలు మనిషే. 'స్వయంగా వెళ్లి చూసొచ్చాను, విమానాశ్రయానికి పది నిమిషాలు, మా అమ్మానాన్నలకైనా ఇక్కడే కొంటాను' అని సొంత మనిషిలా రాశాడు. అబద్ధమెందుకు, నాకూ నచ్చింది.

బండేసుకుని పోయి చూస్తే రాళ్లు పాతిన చేను, దానికి రంగేసిన గేటు. పది నిమిషాలంటే బహుశా విమానంలో పోతేనేమో. లేఅవుట్ అప్రూవల్ అడిగితే 'వస్తాదన్నా, ప్రాసెస్‌లో ఉంది' అన్నారు. అక్కడ పనిచేసే కుర్రాడు మాటల్లో పెడితే చెప్పేశాడు, ఆ బ్లాగు చూసి వచ్చి కొన్న ప్రతి ఒక్కరి మీదా ఆయనకు కమీషన్ ఉందంట. మేం అడ్వాన్స్ ఇవ్వలేదు కాబట్టి బయటపడ్డాం, మాకంటే ముందు ఇచ్చిపోయినవాళ్ల సంగతేంటో.

కమీషన్ తప్పని నేననను. ఊరూరూ తిరిగి రాసేవాడికి పెట్రోలు ఎవరు పోస్తారు? కానీ తీసుకున్న సంగతి దాచిపెట్టి స్నేహితుడి సలహాలా రాయడమేంది? డబ్బే కాదు, ఉచితంగా వస్తువు పుచ్చుకున్నా, హోటల్లో ఉండనిచ్చినా, చివరికి అమ్మేవాడు చుట్టమైనా ఆ సంగతి చదివేవాళ్లకు చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోనే చెప్పింది. ఏ భాషలో ప్రచారం చేస్తే ఆ భాషలోనే, కళ్లకు కనపడేలా చెప్పాలి. మనవాళ్లు మాత్రం మొత్తం తెలుగులో రాసి, ఆ ఒక్క ముక్కా ఎక్కడో అడుగున హ్యాష్‌ట్యాగుల మధ్య ఇంగ్లీషులో పడేస్తారు. ఈయన అదీ వేయలేదు.

పైగా ఇది భూమి విషయం. 2016 నాటి రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు పన్నెండు సెంట్లు దాటిన వెంచర్‌కు రెరాలో రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటనే ఇవ్వకూడదు, ఇచ్చిన ప్రకటనలో ఆ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బ్లాగులో నంబరు లేదు. ఉంటే మాకు ఒక పూట, వంద రూపాయల పెట్రోలు మిగిలేవి.

అన్నిటికంటే కోపం తెప్పించింది ఇంకొకటి. ఆ బ్లాగు రాసినాయనకు ఫోన్ చేసి 'ఏమప్పా, నిజంగా పోయి చూసినావా' అని అడిగితే నసిగి పెట్టేశాడు. మర్నాటికి 'స్వయంగా వెళ్లి చూసొచ్చాను' అన్న వాక్యం బ్లాగులో లేదు! మార్చినట్టు ఒక్క మాటా లేదు. బావమరిది స్క్రీన్‌షాట్ తీసి ఉంచకపోతే నేనే ఏదో కలగన్నానని అనేవాళ్లు. పేపర్లో తప్పు పడితే మీరు సవరణ వేస్తారు కదా, బ్లాగులో 'ఫలానా తేదీన ఇది మార్చాను' అని ఒక లైను రాయడానికి ఏం అడ్డం?

తప్పుదారి పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయొచ్చు. ఫిర్యాదుకు 1915 నంబరుంది, మేం చేయబోతున్నాం.

మీకూ ఒక మాట, ఏమనుకోకండి. ఆదివారం మీరు వేసే వెంచర్ల పేజీలో మూలన 'ప్రకటన' అని ఉంటుంది చూడండి, మా నాన్నకు భూతద్దం పెట్టినా కనపడలేదు. అదీ కాస్త పెద్దక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బి.క్యాంపు, కర్నూలు