యోహాను శ్రమల గానం: లైప్‌జిగ్ నుంచి నాన్నగారికి

లైప్‌జిగ్, జర్మనీ

ప్రియమైన నాన్నగారికి, అమ్మకి,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ నేను క్షేమం, మీరు అందరూ క్షేమమని తలుస్తాను.

పోయిన ఆదివారం ఫోన్లో మీరు అడిగినవాటికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. జర్మన్ సంగీతకర్త బాఖ్ కూర్చిన యోహాను శ్రమల గానానికి ఎంతమంది కావాలి, ఎన్నాళ్ళు సాధన చెయ్యాలి, అందులో మన గుంటూరు క్వయర్ పాడగలిగింది ఏమైనా ఉందా అన్నారు. ఉంది. దాని గురించి చివర్లో రాస్తాను, ముందు మిగతా సంగతులు.

మన గుడిలో గుడ్ ఫ్రైడే రోజు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ధ్యానం చేస్తాం కదా. ఇది అలాంటిది కాదు. యోహాను సువార్త 18, 19 అధ్యాయాలను తోటలో పట్టుకోవడం నుంచి సమాధి దాకా వరుసగా పాడతారు. అందుకే ఏడు మాటల్లో యోహాను రాసిన మూడే ఇందులో వినిపిస్తాయి: తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట, "దప్పిగొనుచున్నాను", "సమాప్తమైనది". "ఏలీ, ఏలీ" ఉండదు, దొంగతో చెప్పిన మాటా ఉండదు. పేతురు సంతాపపడి ఏడ్చిన మాట, దేవాలయపు తెర చినిగిన మాట యోహానులో లేవు గనుక బాఖ్ వాటిని మత్తయి నుంచి తెచ్చి కలిపాడు.

కథ చెప్పేది సువార్తికుడు, అంటే ఒక టెనార్ (ఎత్తు మగ గొంతు). యేసు మాటలు ఒక బేస్ (లోతైన మగ గొంతు) గాయకుడివి, పిలాతు మాటలు ఇంకో బేస్‌వి. జనం, సైనికులు, యాజకులు అందరూ క్వయరే. మధ్యమధ్య కథ ఆపి, ఒక్కరు పాడే అరియాలూ, సంఘమంతా పాడే కీర్తనల్లాంటి కోరాల్‌లూ వస్తాయి. మొత్తం రెండు గంటలకు కాస్త తక్కువ. పేతురు ఎరగనని బొంకిన చోట మొదటి భాగం అయిపోతుంది. బాఖ్ రోజుల్లో అక్కడ ప్రసంగం ఉండేది.

దీన్ని మొదట పాడింది ఈ ఊళ్ళోనే, 1724 ఏప్రిల్ 7న, నికొలాయ్ గుడిలో. అప్పుడూ ఏర్పాట్ల గొడవే. బాఖ్ తోమస్ గుడిలో అనుకుని పాటల మాటల పుస్తకాలు కూడా అచ్చు వేయించేశాడు. నగర సభ ఒప్పుకోలేదు, ఈసారి వంతు నికొలాయ్‌ది అంది. అక్కడ పైన గాయకులకు చోటు చాలదు, హార్ప్సికార్డ్ (పాతకాలపు కీబోర్డు వాయిద్యం) బాగుచెయ్యాలి అని బాఖ్ చెప్పుకుంటే, సభవాళ్ళు ఆ రెండు పనులూ చేయించి, స్థలం మారిందని ప్రకటన కూడా అచ్చు వేయించారు. మూడు వందల ఏళ్ళు గడిచినా మేం ముందుగా కొలిచేది అదే: ఎంతమంది నిలబడగలరు, ఆర్గన్ ఎక్కడ పెట్టాలి.

ఇక మనుషుల లెక్క. 1730లో బాఖ్ నగర సభకు రాసిన విన్నపంలో, ఒక్కో క్వయర్‌లో కనీసం 12 మంది ఉండాలి, 16 మంది ఉంటే మేలు అన్నాడు. ఇప్పుడు ఇక్కడి గుడి క్వయర్లలో 50, 60 మంది ఉంటారు, మాదీ అంతే. అంతమందికి సరిపోయే ఆర్కెస్ట్రా ఇలా: మొదటి వయొలిన్లు 4, రెండో వయొలిన్లు 4, వియోలాలు 3, సెల్లోలు 2, డబుల్ బేస్ 1, ఫ్లూట్లు 2, ఓబోలు 2, బసూన్ 1, చిన్న పెట్టె ఆర్గన్ 1, లూట్ (వేళ్ళతో మీటే తీగల వాయిద్యం) 1, వియోలా డ గాంబా (కాళ్ళ మధ్య నిలిపి విల్లుతో వాయించేది) 1. మొత్తం 22 మంది. ట్రంపెట్లు లేవు, డ్రమ్ములు లేవు, శ్రమ దినాలు కదా. ఓబో వాళ్ళు ఒక్కొక్కరూ రెండు మూడు రకాల ఓబోలు తెచ్చుకుంటారు, ఎందుకంటే కొన్ని చోట్ల లోతుగా పలికే ఓబో డ కాచా కావాలి. పాట పాటకీ మధ్య ఓబో మార్చుకుని, రీడ్ (ఊదే పుల్ల) తడిపి, ఊది చూసుకోవాలి. ఆ వ్యవధి ఇవ్వకుండా పరుగెత్తే కండక్టర్ తర్వాత అపశ్రుతి వింటాడు.

ఒక అరియోసోకు (మాటకీ పాటకీ మధ్యగా సాగే చిన్న పాటకు) రెండు వియోలా డమోర్‌లు కావాలి. వాటికి విల్లు తగిలే తీగల కింద, మీటకుండానే మోగే తీగలు ఇంకో వరస ఉంటాయి, సితార్‌లో లాగా. దొరక్కపోతే బెంగ లేదు. బాఖ్ తానే తర్వాతి ప్రదర్శనల్లో వాటి స్థానంలో మ్యూట్ (ధ్వని తగ్గించే బిళ్ళ) పెట్టిన వయొలిన్లు వాడాడు. గాంబాకు మాత్రం బదులు లేదనే అంటాను. "సమాప్తమైనది" అన్న తర్వాత ఆల్టో (లోతైన ఆడ గొంతు) పాడే అరియా దానిమీదే ఆధారపడింది. గంటకు పైగా ఊరకే కూర్చున్న గాంబా ఒక్కసారిగా ఒంటరిగా మొదలుపెడుతుంది. దాని తీగలు జంతువుల పేగుతో చేసినవి, గాలిలో తేమ మారితే శృతి జారిపోతుంది. అందుకని ముందు వచ్చే కోరాల్‌లో అందరూ గట్టిగా పాడుతున్నప్పుడే ఆ వాయిద్యకారుడు చెవి ఆనించి శృతి సరిచూసుకుంటాడు.

శృతి సంగతి ఇక్కడే చెప్పెయ్యాలి. పాతకాలపు వాయిద్యాలతో వాయిస్తే ఆధార శృతి సెకనుకు 415 కంపనాలు, ఇప్పటి 440కి అర మెట్టు కింద. మూడు నెలలు పియానోతో 440లో సాధన చేసి, చివరి వారం 415లో పాడితే గొంతులు తడబడతాయి. ఎక్కడ ఎత్తుకోవాలో గొంతుకు అలవాటైపోయి ఉంటుంది మరి. ఆఖరి మూడు వారాలు కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మైనస్ ఒకటి పెట్టి సాధన చేస్తే ఈ బాధ ఉండదు. ఇంకోటి, గుడి చలిగా ఉన్నప్పుడు శృతి చేసిన ఆర్గన్, జనం నిండి వేడెక్కాక పైకి జరుగుతుంది. గొట్టాల్లో గాలి వేడెక్కితే స్వరం పెరుగుతుంది. కాబట్టి హీటింగ్ ముందే వేసి, వేడి నిలకడగా ఉన్నప్పుడే ట్యూన్ చేయించాలి.

పుస్తకాలు కొనేటప్పుడు అందరికీ ఒకే ఎడిషన్ ఉండాలి. పాత అచ్చుల్లో ఈ కృతిని 68 అంకెలుగా విడగొట్టారు, కొత్త బాఖ్ సంపుటాల్లో 40గా. రెండూ కలిస్తే కండక్టర్ "21" అన్నప్పుడల్లా సగంమంది వేరే పేజీ తీస్తారు, ప్రతి సాధనలో పావుగంట పోతుంది.

సాధన జనవరిలో మొదలవుతుంది, వారానికి ఒకరోజు రెండు గంటలు, మధ్యలో రెండు శనివారాలు పూర్తి రోజు. ఆర్కెస్ట్రా మాత్రం చివరి వారమే వస్తుంది. మంగళవారం వాళ్ళొక్కరే, బుధవారం అందరూ కలిసి. గురువారం ప్రభు రాత్రి భోజనపు ఆరాధన ఉంటుంది కాబట్టి ఆరోజు పెట్టుకోరు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ప్రదర్శన. అంటే వాయిద్యాలతో క్వయర్ కలిసి పాడేది ఒక్కసారే, అందుకని ఆ లోపు స్వరాలు రాని వాళ్ళకి ఇక రావు.

మొదటి కోరస్ "హెర్, ఉన్జర్ హెర్‌షర్", ప్రభువా మా ప్రభువా అని. క్వయర్ ఎత్తుకునే ముందు ఆర్కెస్ట్రా 18 బార్లు (తాళం ఆవర్తనాల్లాంటివి) వాయిస్తుంది. కింద బేస్ ఒకే స్వరం మీద కొడుతూనే ఉంటుంది, వయొలిన్లు సుడి తిరుగుతుంటాయి, ఓబోలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. అది విని విని క్వయర్ ఊపిరి బిగబట్టేస్తుంది, తర్వాత ఎత్తుకోగానే మొదటి "హెర్" పీలగా వస్తుంది. 17వ బార్లో అందరూ కలిసి ఊపిరి తీసుకోవాలని పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుంటాం. తర్వాత దెబ్బకి నాలుగేసి స్వరాల పరుగు ఉంటుంది. దాన్ని మాటలతో మొదలుపెడితే రాదు. సగం వేగంలో "ను ను ను" అంటూ ఒక్కో స్వరం విడిగా పలికించి, తర్వాత వేగం పెంచి, ఆ తర్వాతే మాటలు పెట్టాలి. మన సంగీతం మాస్టారు సరళీ వరసలు మూడు కాలాల్లో చెప్పించినట్టే.

అసలు కష్టం జనం కేకల్లో ఉంది. అవి చిన్నవి, ఆగకుండా వస్తాయి. సువార్తికుడు "మరల కేకలువేసిరి" అని ముగించేసరికి క్వయర్ "వీనిని వద్దు, బరబ్బను" అని పడిపోవాలి. శృతి ఎవరూ ఇవ్వరు. సువార్తికుడి చివరి స్వరం, ఆర్గన్ కొట్టే కార్డ్, అందులోంచి నాలుగు గొంతులూ తమ స్వరం తీసుకోవాలి. మేం చేసే సాధన ఏమిటంటే, ఆ కోరస్‌లు పాడకుండా, సువార్తికుడి చివరి రెండు బార్లు పాడి మొదటి స్వరం మాత్రం ఎత్తుకుని ఆపెయ్యడం. ఒక్కో ఎత్తుకోలుకు పదిసార్లు.

ఆ బరబ్బ కేక నాలుగైదు బార్లలో అయిపోతుంది. సువార్తికుడు కొరడాల దెబ్బలు చెబుతాడు, ఆ వెంటనే లూట్, రెండు వియోలా డమోర్‌లు, ఒక బేస్ గొంతు, "నా ప్రాణమా, చూడు" అంటూ మెల్లగా మొదలవుతాయి. లూట్ ఎంత చిన్నగా పలుకుతుందంటే, 60 మంది ఒకేసారి పేజీ తిప్పితే ఆ చప్పుడులో అది వినపడదు. అందుకని బరబ్బ కేక అయ్యాక ఎవరూ పేజీ తిప్పకూడదు, కూర్చోకూడదు, పుస్తకం దించకూడదు. అరియోసో అయ్యేదాకా అలాగే నిలబడాలి.

"సిలువ వేయుము" కోరస్‌లో గొంతుతో అరిచేవాళ్ళు ఆఖరి కోరస్‌కి బొంగురుపోతారు. ఆ కోపం హల్లుల్లో పెట్టాలి. "క్రోయ్ట్సిగె" అన్నప్పుడు "క్ర", "ట్స" పళ్ళ దగ్గర పేలాలి, అచ్చు మామూలుగా ఉండాలి. "మాకొక నియమము కలదు", "నీవు ఇతని విడుదల చేసితివా" అనే రెండు కోరస్‌లదీ ఒకే సంగీతం. ఒకటి నేర్చుకుంటే రెండోది సగం వచ్చినట్టే. కానీ మొదటిది ఎఫ్ (F) మేజర్ శృతిలో, రెండోది అర మెట్టు కింద ఇ (E) మేజర్‌లో. మొదటిదాన్ని బట్టీ పట్టినవాళ్ళు రెండోదాన్ని తెలియకుండానే పైకి లాగుతారు. అందుకే సాధనలో రెండోదే ముందు నేర్పిస్తారు.

సైనికులు అంగీ కోసం "చీట్లు వేయుదము" అనేది అన్నిటికంటే పొడుగు, అన్నిటికంటే కష్టం. కింద సెల్లో గిన్నెలో పాచికలు గిలకరించినట్టు తిరుగుతుంటుంది. ఒక గొంతు వెనక ఒకటి అదే మాట ఎత్తుకుంటుంది. గుడిలో ప్రతిధ్వని ఎక్కువ, చెవిని నమ్మితే అర దెబ్బ వెనకబడతాం. చేతిని చూడాలి, చెవిని కాదు. "ఎక్కడికి?" అని బేస్ అరియా మధ్యలో పై మూడు గొంతులూ అడిగే చోట కూడా ఇదే సూత్రం.

ఇన్ని కేకలు వేసిన నోటితోనే కోరాల్ పాడాలి నాన్నగారూ, నాకు ఈ కృతిలో అన్నిటికంటే లోతుగా తగిలేది ఇదే. బంట్రౌతు యేసును చెంప మీద కొడతాడు. "నన్నేల కొట్టుచున్నావు" అని ఆయన అడుగుతాడు. ఆ వెంటనే క్వయర్ "నిన్నిలా ఎవరు కొట్టారు" అని ఒక చరణం పాడుతుంది. రెండో చరణంలో జవాబు: "నేనే, నేనూ నా పాపాలూ, సముద్రపు ఒడ్డున ఇసుక రేణువులంత." పౌల్ గెర్హార్ట్ రాసిన మాటలు. యోహాను సువార్తలోని "యూదులు" అన్న మాటను పట్టుకుని ఎందరో శతాబ్దాలుగా ఒక జాతిని హింసించారు. అందుకే ఇక్కడ చాలా గుళ్ళలో కార్యక్రమ పత్రంలో దాని గురించి ఒక పేజీ వివరంగా వేస్తారు, వెయ్యాలి కూడా. కానీ ఆ కోరాల్‌ని సరిగా పాడితే నేరం ఎవరిదో క్వయరే చెప్పేస్తుంది. రెండో చరణం మొదటిదానికంటే చిన్నగా, ఒకే ఊపిరిలో "ఇఖ్, ఇఖ్" (నేనే, నేనే) మధ్య ఆగకుండా పాడాలి. గట్టిగా పాడితే ఒప్పుకోలులా ఉండదు.

మన క్వయర్ మొదలుపెట్టాల్సింది ఈ కోరాల్‌తోనే. నాలుగు గొంతులు, ఆర్గన్ బదులు కీబోర్డు చాలు. ఎ (A) మేజర్ శృతి, మన సోప్రానోలకు (పై ఆడ గొంతులకు) ఎత్తు కాదు. తెలుగు మాటలు మీరు రాయాలంటే పాదాల లెక్క ఇది: 7, 7, 6, 7, 7, 8 అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఇంచుమించు ఒక స్వరం. ఒక జాగ్రత్త. ప్రతి పాదం దెబ్బకి ముందే ఎత్తుకుంటుంది, రెండో అక్షరం మీద దెబ్బ పడుతుంది. తెలుగులో మాట మొదటి అక్షరం మీదే మనం ఒత్తుతాం, కాబట్టి "ఎవరు" లాంటి మాటతో పాదం మొదలుపెడితే నడక తప్పుతుంది. "ఓ", "నా", "ఏ" లాంటి ఒంటి అక్షరం ముందుపెట్టి, బరువైన మాట రెండో అక్షరం నుంచి మొదలయ్యేలా చూడండి. పాదం చివరి స్వరం మీద ఉండే ఫెర్మాటా గుర్తును చూసి సాగదీయనివ్వకండి. అక్కడ ఊపిరి తీసుకోమనే దాని అర్థం, అంతే.

రెండోది ఆఖరి కోరాల్. దానికి ముందు "రూట్ వోల్", హాయిగా విశ్రమించు అనే పెద్ద కోరస్ ఉంటుంది. రెండు గంటలు నిలబడి అలసిన కాళ్ళతో పాడతారు కాబట్టి అక్కడ శృతి తప్పకుండా కిందికి దిగుతుంది. మోకాళ్ళు సడలించి, కింది స్వరాలకు దిగేటప్పుడు చిన్న మెట్లు వేస్తున్నట్టు పాడాలి. ఆ తర్వాత కోరాల్ దేవదూతల మాటతో చాలా మెల్లగా మొదలై, "నిన్ను నిత్యమూ స్తుతిస్తాను" అని గుడి నిండేలా ముగుస్తుంది. ముందే గట్టిగా పాడితే చివర పెంచడానికి ఏమీ మిగలదు. మొదటి నాలుగు పాదాలు పక్కనున్న మనిషి గొంతు వినపడేంత చిన్నగా పాడించండి.

రెండు కోరాల్‌లకూ నాలుగు గొంతుల నోట్స్ సోల్ఫాలో (డో, రే, మీ అక్షరాల్లో) రాసి, ఊపిరి తీసుకునే చోట్ల ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఆల్టో వరస కష్టం, దాన్ని ముందుగా రెండు వారాలు విడిగా నేర్పించండి. అమ్మ కీబోర్డు మీద బేస్ గట్టిగా, పై గొంతు మెల్లగా వాయిస్తే వాళ్ళకి తేలిక.

మీ అమ్మాయి