ధనియాలకు యూరియా మితిమీరితే గింజ తగ్గుతుంది

సంపాదక మహాశయా,

యూరియా ఎంత ఎక్కువ వేస్తే ధనియాలు అంత ఎక్కువగా పండుతాయన్న నమ్మకం రైతులను నష్టపరుస్తున్నందున ఈ లేఖ రాస్తున్నాను. యూరియా అందించే నత్రజని అవసరమే, అది చాలకపోతే మొక్క పాలిపోయి, కొమ్మలు, పూగుత్తులు తగ్గిపోతాయి. అయితే మోతాదు మించినప్పుడు మొక్క తన బలమంతా ఆకుకే పెట్టి ఆలస్యంగా పూస్తుంది, మెత్తబడిన కాండం గాలికి పడిపోతుంది, గుబురుగా పెరిగిన చేనులో బూడిద తెగులు, పేనుబంక సులభంగా వ్యాపిస్తాయి. కొత్తిమీర కోసం పెంచేవారికి లాభించే ఈ ఏపుదనమే గింజ కోసం పెంచేవారికి చేటు.

భాస్వరం నేలలో అంతగా కదలదు కనుక దానిని విత్తే ముందే వేళ్లకు అందే లోతులో వేయాలి. నత్రజనిని మాత్రం కొంత విత్తేటప్పుడు, మిగిలినది పూతకు ముందు నేలలో తేమ చూసుకుని ఇవ్వడం మేలు. మెంతుల సంగతి వేరు. అది పప్పుజాతి మొక్క. వేరు బుడిపెల్లోని బాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని వాడుకుంటుంది. అలాంటప్పుడు రెండు పంటలకూ ఒకే మోతాదు చెప్పడం బాధ్యతారాహిత్యమని నా అభిప్రాయం.

మీ వ్యవసాయ పేజీలో ఎరువుల సలహా ప్రచురించినప్పుడల్లా, అది ఆకు కోసమా గింజ కోసమా అన్నది స్పష్టం చేసి, భూసార పరీక్ష ఫలితాన్ని బట్టి మోతాదు మార్చుకోవాలని కూడా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు